రుమాలు ఎత్తేసిన దొరసాని

మొన్న మంగళవారం పొద్దున పసుపు అమ్మే గంజ్ ముందరి హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఎవరో అన్నారు, "గామె పోయిందట."

"ఏ గామె?" అని అడిగాను. నిజానికి అడగక్కర్లేదు. మా ఆర్మూర్‌లో పేరుకు బదులు "గామె" అని పిలిపించుకున్న ఆడమనిషి ఒక్కతే.

"గదే తాతా, పెర్కిట్ తొవ్వల ఉంటది సూడు, కోర్టుకు పోయినామె."

చెప్పినవాడికి ముప్పై ఏళ్లుండవు. ఆమె కోర్టుకు పోయినప్పుడు వాళ్ల నాయనే పుట్టలేదు. అయినా ఆ మాట మాత్రం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి పొలం గట్టులా భద్రంగా చేరింది. నా చాయ్ సగం అలాగే ఉండిపోయింది. ఎనభై దాటాక చాయ్ వదిలేసి లేచానంటే అది మామూలు వార్త కాదని మీరే అర్థం చేసుకోవాలి.

ఆమెకు ఒక పేరుంది. అది ఇక్కడ రాయను. ఆమే వద్దంది. "నా పేరు వాళ్ల నోట్లె పడనియ్యకు. నమిలి ఉమ్ముతరు" అంది ఒకసారి. అందుకని దొరసాని అనే రాస్తాను. ఆ మాటను ఆమె దగ్గర నుంచి గుంజుకున్నారు. తిరిగి ఇద్దామంటే నాకున్న జాగా ఈ కాగితమొక్కటే.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పెద్ద మనసు, అందరినీ క్షమించింది, అలా రాయాలంటాడు మా అల్లుడు. బడిపంతులు, మర్యాద తెలిసినవాడు. కానీ ఆమె ఎవరినీ క్షమించలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే క్షమించనివాళ్ల వరుసలో నేనూ ఉన్నాను.

అప్పట్లో నేను గంజ్‌లో దడువాయిని. అంటే రైతులు తెచ్చిన పసుపు బస్తాలను కాంటాకు ఎత్తి తూకం చెప్పేవాడిని. పెళ్లయి ఏడాది. చదువు లేదు. బడికి పోలేదు గానీ బస్తాల మీద నల్లరంగుతో అచ్చు వేసిన ఊళ్ల పేర్లు, దుకాణాల పేర్లు చూసి చూసి అక్షరాలు పట్టాను. ఇందులో ఒక చిక్కుంది. బస్తాను తలకిందులుగా నిలబెడితే అక్షరమూ తలకిందులే. చాలాకాలం నాకు కొన్ని అక్షరాలు తలకిందులుగానే తెలుసు. ఇప్పటికీ దుకాణం బోర్డు తిరగేసి కట్టి ఉంటే అందరికన్నా ముందు నేనే చదువుతాను. సరే, అది వేరే కథ.

నేను పనిచేసే దుకాణం దొరది. గంజ్‌లో అంత పెద్ద కొనుగోలుదారు ఇంకొకడు లేడు. మాక్లూర్ నుంచి ముప్కాల్ దాకా ఎవరి పసుపు అయినా ఆయన చూసి వదిలేస్తేనే మిగతావాళ్లు ముట్టుకునేవారు. రెండంతస్తుల బంగ్లా, వాకిట్లో జీపు. ఆ ఇంటి దొరసాని గురించే నేను రాస్తున్నది. నందిపేట్ దిక్కు నుంచి వచ్చింది. పెళ్లప్పుడు ఆమె తండ్రి గోదావరికి దగ్గరగా నల్లరేగడి భూమి పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. ఆడపిల్ల పసుపు కుంకుమలకు లోటు రాకూడదని ఇచ్చే భూమి అది. మొగుడికి గానీ అత్తవారికి గానీ అందులో హక్కు ఉండదు. ఆ భూమిలో పండిన పసుపుకొమ్మును విరిస్తే టక్కుమని శబ్దం వచ్చేది, లోపల నారింజ పండు రంగు. దొరకు భార్య మీద ఏ మాత్రం ప్రేమ ఉండేదో నాకు తెలియదు, ఆ భూమి మీద మాత్రం చాలా ఉండేది.

ఆ రోజుల్లో ఆమె గడప దాటితే వీధి లేచి నిలబడేది. పేరంటానికి పిలవాలంటే ఊళ్లోని ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని మొదట ఆ బంగ్లాకే పోయేవారు. దొరసానికి బొట్టు పెట్టాకే మిగతా గడపలు.

పిల్లలు కలగలేదు. దొర రెండో పెళ్లి చేసుకున్నాడు. ఊరంతా పోయి భోంచేసింది. నేనూ పోయాను. పూర్ణం బూరెలు రెండుసార్లు వడ్డించుకున్నాను. అవి చాలా బాగున్నాయి, అబద్ధమెందుకు. ఆ పెళ్లికి పోయినందుకు గానీ, చేసుకున్నందుకు గానీ ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మూడు నాలుగేళ్లు గడిచాయి. దొరసానికి ఒక అలవాటుండేది. కిరాణా సామాను చుట్టుకొచ్చిన కాగితాన్ని కూడా చదవకుండా పారేసేది కాదు. ఒకరోజు బెల్లం కట్టుకొచ్చిన పత్రిక ముక్కలో కొత్త చట్టం గురించి ఉంది. చట్టానికి ముందే మొగుడు ఇంకో పెళ్లి చేసుకుని ఉంటే, మొదటి భార్య కోర్టుకు పోయి విడాకులు అడగవచ్చునట. "సగం అక్షరాల మీద బెల్లం అంటుకున్నది. గోటితోని గీకి గీకి చదివిన. చీమలు కూడ నాతోపాటు చదివినయ్" అని తర్వాత నాతో చెప్పేది.

నిజామాబాద్ కోర్టుకు తిరిగింది. బస్సులో తిరిగింది, అదీ దొరసాని. దొర దుకాణంలో గద్దె మీద కూర్చుని నవ్వేవాడు. "కాయితం తెచ్చుకొని ఏం జేస్తది? ఉప్పేసుకొని నాకుతదా?" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. దొర నవ్వినప్పుడు నవ్వడం కూడా మా జీతంలో భాగమే.

కాగితం వచ్చింది. దానితోపాటు దొరసాని అనే పేరు పోయింది. ఆ పేరు బంగ్లాలోనే ఉండిపోయింది, పందిరి మంచంలాగా. చిన్న దొరసాని ఒక్క పూటలో దొరసాని అయిపోయింది. ఈమె "గామె" అయింది. తోడబుట్టినవాడు బావ పక్కన కూర్చుని, మా గడప తొక్కొద్దని కబురు పంపాడు. మా కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకుని ఇంకో మనువు పోయిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లను ఎవరూ ఇంతగా వెలివేయలేదు. కానీ పెద్దింటి ఆడది, అదీ కోర్టు బోనెక్కి, మొగుణ్ని తనే వదిలిపెట్టడం ఊరికి మింగుడు పడలేదు. ఎవరైనా "దొర ఇడిసిపెట్టినామె" అంటే ఆగి మరీ సరిదిద్దేది.

"గాయన ఇడువలే. నేను ఇడిసిన. కావాల్నంటే కాయితం సూపెడ్త, ఆగు."

పెర్కిట్ తొవ్వలో రెండు గదుల పెంకుటింట్లోకి మారింది. ఆ వీధిలో పండగకో పబ్బానికో ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ పిలుస్తూ వస్తారు కదా. ఆమె ఇంటి ముందుకు రాగానే భరిణె మూత పడేది. చూపు నేల మీదికి దిగేది. ఇంకొకరైతే ఆ సమయానికి తలుపేసుకుని లోపల ఏడ్చేవారు. ఈమె ఏం చేసేదో తెలుసా? సరిగ్గా ఆ వేళకు కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేసుకుని కూర్చునేది. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు.

"ఏమక్కా, కుంకుమ ఒడిసిందా? మా ఇంట్ల మస్తున్నది, తెచ్చియ్యాల్నా?"

వాళ్లు అడుగులు తొందర చేసేవారు. ఏళ్ల తరబడి ఒక్క పండగ కూడా ఆ కుర్చీ తప్పలేదు. తనను దాటిపోవాలంటే కళ్లతో చూసే దాటిపోవాలి. ఆ ఒక్క కష్టమైనా వాళ్లకు పెట్టాలని ఆమె పట్టుదల.

ఇక దొర పట్టుదల భూమి మీద. పసుపు కుంకుమలే తెంపుకున్నాక పసుపు కుంకుమ భూమి ఎక్కడిదని పెద్దమనుషులతో అనిపించాడు. కాగితాల మీద అది సాగదని తేలాక ఇంకో దారి పట్టాడు. నా ఎదుటే గుమాస్తాతో అన్నాడు: "మూడు పంటలు అమ్ముడువోకుంటే సాలు. భూమి దానంతటదే మన కాడికొస్తది."

మొదటి పంట జీతగాడితో పంపింది. అది ఎలా పోయిందో చెప్పాలంటే రుమాలు సంగతి చెప్పాలి.

ఇప్పటివాళ్లకు తెలియదు. అప్పుడు మా గంజ్‌లో ధర నోటితో చెప్పేవారు కాదు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుని కుడిచేతులు కలిపితే, పైన ఒక రుమాలు కప్పేవారు. మా దిక్కు భుజం మీది తుండును రుమాలే అంటాం. ఆ గుడ్డ కింద కొనేవాడు అవతలివాడి అరచేతిలో తన వేళ్లు నొక్కి ధర చెబుతాడు. ఒక వేలు నొక్కితే ఒక లెక్క, రెండు నొక్కితే ఇంకో లెక్క. ఒప్పుకుంటే చెయ్యి పిండాలి, లేదంటే తీసేయాలి. చుట్టూ వందమంది ఉన్నా గుడ్డ కదలడం తప్ప ఏమీ కనిపించదు. నీకెంత ఇచ్చాడో పక్కవాడికి తెలియదు, పక్కవాడికెంత ఇచ్చాడో నీకు తెలియదు. మేమంతా దాన్ని మర్యాద అనుకునేవాళ్లం. నా రుమాలు కింద ఎన్ని అబద్ధాలు జరిగాయో! దాన్ని మా ఇంటిది ఎన్నిసార్లు ఉతికినా పసుపు వదలలేదు.

దొర ముందే అందరికీ చెప్పి ఉంచాడు. జీతగాడి చేతిని ఒకే వేలితో నొక్కి పంపారు. మండ ధరకు కొమ్ము పోయింది. పసుపులో మండ అంటే లావుపాటి దుంప, కొమ్ముకన్నా తక్కువ రకం. వాడు ఏడుస్తూ బండి తోలుకుపోయాడు.

రెండో ఏడు ఆమే వచ్చింది.

మూడు బండ్ల పసుపు. ముందు బండి మీద దొరసాని, పక్కన పోశవ్వ. పోశవ్వ ఆమె పొలంలో పసుపు ఉడకబెట్టే మనిషి, నోరు పెద్దది, గుండె అంతకన్నా పెద్దది. గంజ్‌లోకి ఆడవాళ్లు వచ్చేవారు, ఊడ్చడానికి, ఏరడానికి. అమ్మడానికి ఎవరూ రాలేదు. కుప్ప పోయించి దాని పక్కన బస్తా పరుచుకుని కూర్చుంది. కొమ్ము విరిచి వాసన చూసుకుంటూ ఒక్కొక్క కొనుగోలుదారునూ పిలిచింది. ఒక్కొక్కడూ అదే మాట.

"ఆడమనిషి చెయ్యి ఎట్ల వడ్తం అమ్మా? పాపం తగుల్తది."

"మరి నోటితోని చెప్పు."

"గది రివాజు కాదు."

నేనూ అక్కడే ఉన్నాను, కాంటా పక్కన. ఆమె నా వైపు చూసి, "తూకమన్న వేయి, ధర తర్వాత సూసుకుందం" అంది. గుమాస్తా దూరం నుంచి నాకు కళ్లతోనే చెప్పాడు. నేనేం చేశానంటే... బస్తాల మీద వాలి, తల కింద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిద్రపోయినట్టు పడుకున్నాను. గురక కూడా పెట్టాను. పట్టపగలు. అలా మూడు రోజులు. ఆమె పిలిచినప్పుడల్లా నాకు నిద్ర ముంచుకొచ్చేది.

మూడో రోజు మధ్యాహ్నం సిద్ధుల గుట్ట వెనక నుంచి మబ్బు లేచింది. ఎండిన పసుపు మీద ఒక్క వాన పడితే చాలు, కొమ్ము నల్లబడి పశువులు కూడా ముట్టవు. అందరూ తమ కుప్పల మీద తాటిపత్రులు కప్పుకుంటున్నారు. గాలి దుమ్ము లేపుతోంది. పోశవ్వ తన కొంగు తీసి కుప్ప మీద కప్పబోయింది. ఏనుగు మీద చేతి గుడ్డ కప్పినట్టు.

అప్పుడు దొరసాని లేచి నిలబడింది. గొంతు పెంచలేదు, కానీ గంజ్ అంతా వింది.

"ఆడిదాని చెయ్యి వట్టుకుంటె పాపమంటున్నరు గద. మంచిది. ఈ గంజ్‌ల నా చెయ్యి వట్టుకున్నోడు ఒక్కడున్నడు. అగ్గి ముందట, మీ అందరి ముందట వట్టుకున్నడు. బూరెలు తిన్నరు గద, యాదికున్నదా? గాయన్నే పిలువుండ్రి. గాయనకు పాపం తగలది."

ముప్కాల్ రైతు ఒకాయన పకపక నవ్వాడు. ఆ నవ్వు అంటుకుంది. "పోవే దొరా, పో", "భయమైతాందా ఏంది" అని వెనక నుంచి గొంతులు. రాకపోతే భయపడ్డాడంటారు. దొర పంచె సర్దుకుని నవ్వుతూనే వచ్చాడు, గద్దె మీది నవ్వే.

కూర్చున్నాడు. ఆమె కూర్చుంది. రుమాలు కావాలి. ఎవరూ ఇవ్వలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"ఓ నిద్రగొట్టూ! గా రుమాలు ఇటియ్యి. మైలవడదు తియ్యి, గిది ముందుగాలనే మస్తు పాపాలు సూసింది."

ఇచ్చాను. ధైర్యంతో కాదు, నవ్వులపాలయ్యానన్న సిగ్గుతో. ఇది రాసుకోవడానికి కూడా సిగ్గే.

రుమాలు కప్పారు. గుడ్డ ఒకసారి కదిలింది. ఇంకోసారి కదిలింది. ఆ మరుక్షణం ఆమె ఎడమ చేత్తో రుమాలు ఎత్తి అవతల పారేసింది.

మా గంజ్‌లో ఎవరూ ఎన్నడూ చూడని దృశ్యం అది. ఒక బేరం, బట్ట లేకుండా, ఎండలో. ఆమె పిడికిలిలో దొర వేళ్లు రెండు ఇరుక్కుని ఉన్నాయి. లాక్కోబోయాడు. ఆ ఏటి పంటంతా పోశవ్వ పక్కన నిలబడి కొప్పెరలో పసుపు కలిపిన చేతులవి, వదల్లేదు.

"ఇడువు" అన్నాడు దొర పళ్ల మధ్య నుంచి.

"ఇడుస్త. ఇడుసుడు నాకు కొత్తనా? ముందుగాల అందరికీ సూడనియ్యి." చుట్టూ తిరిగి, "సూడుండ్రి! రెండు! నా కొమ్ముకు రెండు వేళ్లు. మీకెన్ని వేళ్లిచ్చిండో మీరు చెప్పుండ్రి!" అంది.

నవ్విన ముప్కాల్ రైతు ఆగిపోయాడు. "నాకు పొద్దున మూడిచ్చిండు గద... గీ కొమ్ము ముందట నాది చూర."

"మూడా?" అన్నాడు మాక్లూర్ ఆయన. "మనమిద్దరం ఒక్క తీరు సరుకు తెచ్చినం కాదె? నాకు రెండే ఇచ్చిండు! ఇగ ఇంతకన్న ఎవలకియ్యలే అని ఒట్టేసిండు!"

"నాకు మూడున్నర!"

"నాకు ఒకటే!"

ఇక ఆగలేదు. తలొకడూ చెయ్యెత్తి తన వేళ్లు చూపిస్తున్నాడు. ఏళ్ల తరబడి గుడ్డ కింద దాగినవి ఒక్క గడియలో ఆకాశంలోకి లేచాయి. ఒకాయన అయితే పోయిన ఏడాది వేళ్లు కూడా చూపించాడు. దొర ముఖం మండలా అయింది. వాన చినుకు ఒకటి ఆమె చెంప మీద పడింది. ఆమె కుప్ప వైపు చూడలేదు, దొర వైపే చూస్తోంది.

"నోటితోని చెప్పు. అందరు ఇనాలె."

దొర చెప్పాడు. నోటితో, గట్టిగా. అది ఆ ఏడు గంజ్‌లో అందరికన్నా పెద్ద ధర. రైతులు మీదికి వస్తుంటే ఇంకేం చెప్తాడు. అప్పుడు వదిలింది ఆ వేళ్లను. వదిలి, తన చెయ్యి చీరకు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం దొరకు ధరకన్నా ఎక్కువ తగిలిందని నా నమ్మకం.

నేను కాంటా ఎత్తాను. ఆఖరి బస్తా గోదాములోకి పోయాక వాన దంచి కొట్టింది.

నందిపేట్ దిక్కు రైతులు ఆ తర్వాత మా గంజ్‌లో రుమాలు కింద చెయ్యి పెట్టలేదు. "నోటితో చెప్పు" అనేవారు. మెల్లగా అదే రివాజు అయిపోయింది. పాఠం చెప్పేవాళ్లు దీన్ని సంస్కరణ అంటారేమో. ఆమె అలా అనుకోలేదు. "రైతుల కొరకు చేసిన్నా ఏంది? గాయన వేళ్లు ఇరిసెతందుకు చేసిన" అంది నాతో. ఇంకోమాట కూడా అనేది, అది నా బిడ్డలకు కూడా చెప్పాను: "కోపాన్ని పచ్చిగ అమ్మొద్దు. ఉడకవెట్టాలె, ఎండవెట్టాలె, రుద్ది నునుపు చెయ్యాలె. అప్పుడు తేవాలె బజారుకు."

మర్నాడు దొర నన్ను దుకాణం నుంచి వెళ్లగొట్టాడు, రుమాలు ఇచ్చినందుకు. నేను పోయి ఆమె గుమ్మంలో నిలబడ్డాను. ఎగాదిగా చూసింది.

"నిద్ర లేసినవా?"

"లేసిన దొరసాని."

ఆ పేరుతో ఎవరైనా పిలిచి రెండేళ్లయింది. ముఖం తిప్పుకుంది. "రేపటిసంది పొలం కాడికి రా. పండుకుంటె మాత్రం తంత" అంది. ఆ తర్వాత చచ్చేదాకా నాకు పేరు లేదు, నిద్రగొట్టునే. పొద్దున కనబడగానే మొదటి ప్రశ్న అదే, నిద్ర లేచినవా అని. క్షమించలేదని చెప్పాను కదా. కానీ నా తలకిందుల అక్షరాలను ఒక్కొక్కటే నిలబెట్టింది ఆమే, అవే బెల్లం కాగితాల మీద. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

మా పెద్దదాన్ని తొట్లెలో వేసిన రోజు మా ఇంటిది భరిణె పట్టుకుని ఆమె గడప ఎక్కింది. ఆమె గుమ్మంలో కుర్చీలోనే ఉంది.

"ఎవలు పంపిండ్రు నిన్ను?"

"ఎవలు పంపలే దొరసాని. నేనే వచ్చిన."

తల కొంచెం వంచి బొట్టు పెట్టించుకుందట. పేరంటానికి వచ్చి కూర్చోగానే వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి జారుకున్నారు. మా ఇంటిది కళ్లనీళ్లు పెట్టుకుంది. దొరసాని చాపకు మధ్యలో జరిగి కూర్చుని, "ఏడుస్తవెందుకే చెల్లె? మంచిగైంది. అందరి శెనగలు నాకే పెట్టు" అని నాలుగు దోసిళ్ల శనగలు కూర్చుని తినేసింది. మర్నాడు కడుపు నొప్పితో దవాఖానకు పోయింది గానీ, ఒక్క గింజ వదల్లేదు.

పంతొమ్మిదివందల అరవైలు సగం దాటాక దొర పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

పదో రోజు పొద్దున నేను ఆమె వాకిట్లో కాంటా గొలుసు బాగు చేస్తున్నాను. బంగ్లా నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. ముందు దొర అక్క. ఒకామె చేతిలో పళ్లెం, దాంట్లో మడత విప్పని తెల్లచీర. వెనక గుమాస్తా, చంకలో కాగితాల కట్ట.

దొరసాని కుర్చీలోంచి లేవలేదు.

"మా తమ్ముని పెద్ద పెండ్లానివి నువ్వే గద బిడ్డా" అంది దొర అక్క, గొంతులో తేనె పోసుకుని. "ఎంతైనా నువ్వు మా ఇంటిదానివి. గాజులు తియ్యాలె, బొట్టు తియ్యాలె. లేకుంటె వానికి గతులు లెవ్వు. మాతోని బంగ్లాకు రా. ఇగ మా కాడనే ఉందువు."

ఎన్నేళ్లకు వచ్చింది ఆ పిలుపు! నాకు ఒక్క క్షణం నిజంగానే మనసు కరిగింది. ఆమెకు కరగలేదు. గుమాస్తా వైపు చూసింది.

"గాజులు పలగ్గొట్టెతందుకు గుమాస్త ఎందుకు వచ్చిండు అక్కా? గాజులు గట్టిగుంటయన్నా?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ ఇంటి విధవగా తెల్లచీర కట్టుకుని ఆ గడప ఎక్కితే, రేపు ఆ ఇంటి మనిషి భూమి ఆ ఇంటి కొడుకులదే అంటారు. వేలి ముద్ర కూడా అక్కడే వేయించుకుంటారు. మూడు పంటలతో రానిది తెల్లచీరతో వస్తుందనుకున్నారు. వాళ్ల తప్పల్లా ఒక్కటే. ఇన్నేళ్లుగా ఊరితో తామే అనిపించిన మాటను ఆమె మరిచిపోయి ఉంటుందనుకున్నారు.

లోపలికి పోయి కోర్టు కాగితం తెచ్చింది. నా చేతికిచ్చింది. "నిద్రగొట్టూ, లేసి సదువు. జర గట్టిగ."

చదివాను. నలుగురి ముందు నేను చదవడం అదే మొదలు. అక్కడక్కడ తడబడ్డాను, కానీ ఇద్దరి మధ్య ఏ సంబంధమూ లేదన్న మాట దగ్గర తడబడలేదు. అది రెండోసారి కూడా చదివించింది.

"ఇన్నరా? గాయన నా మొగడు కాడు. కోర్టు చెప్పింది. కోర్టు కన్న గట్టిగ మీరు చెప్పిండ్రు. ఇన్నేండ్లు నా గడప ముందట కుంకుమ భరిణెకు మూతవెట్టి పోయిండ్రు. పసుపుకు పనికిరానిదాన్ని, తెల్లచీరకు పనికొస్తనా?"

దొర అక్క శాపనార్థాలు పెట్టింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా దొరసాని కూర్చునే చూసింది. తర్వాత లోపలికి పోయి అద్దం ముందు నిలబడి బొట్టు తుడిచి, మళ్లీ పెట్టుకుని వచ్చింది. మునుపటికన్నా పెద్దది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నావని అడుగుతారు. ఆ భరిణెలకు మూతపెట్టినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు, చదువుకున్నారు, ఇది చదువుతారు. అందుకే తవ్వుతున్నాను.

మంగళవారం నేను పోయేసరికి ఆమెను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. తెల్లగుడ్డ కప్పారు. గుమ్మం పక్కన కుర్చీ అలాగే ఉంది. దాంట్లో కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. పసుపు రాసి స్నానం చేయించాలా, వద్దా? ముత్తైదువా, కాదా? మొగుడు పోయాడు కదా అని ఒకరు. వాడు మొగుడే కాదు కదా అని ఇంకొకరు. పోయాక కూడా ఆమె వాళ్లను కుదురుగా ఉండనివ్వలేదు.

అప్పుడు పోశవ్వ బిడ్డ వచ్చింది. దానికే అరవై దాటాయి. కళ్లం దగ్గర పసుపు ఉడుకుతుండగా కబురు అంది పరుగున వచ్చింది, మోచేతుల దాకా పసుపే. ఎవరినీ అడగలేదు. "అవ్వా" అంటూ కూలబడి, ఆ చేతులతోనే ముఖం నిండా, చేతుల నిండా, పాదాల నిండా రాసేసింది.

కాసేపటికి కారు ఆగింది. దొర మనవడు. దండ తెచ్చాడు, మర్యాదగానే వేశాడు. నేను అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తాతా, ఆమెకు దగ్గరున్నది మీరే గద. గా నందిపేట్ దిక్కు భూమి కాయితాలు యాడున్నయో మీకేమన్న ఎర్కనా? ఎంతైనా మా పెద్దనాయనమ్మ గద."

పెద్దనాయనమ్మ అట. ఆ భూమి ఎక్కడుందో నాకు తెలుసు. పోశవ్వ బిడ్డ పెళ్లినాడే దొరసాని ఆ అమ్మాయికి పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. సాక్షి సంతకం నాదే, అక్షరాలన్నీ నిటారుగా. కానీ ఇప్పుడే ఎందుకు చెప్పాలి? వెతకనీ. ఆఫీసుల చుట్టూ తిరగనీ. బస్సులో తిరిగితే ఇంకా మంచిది.

గోడకు తల వాల్చి కళ్లు మూసుకున్నాను. గురక కూడా పెట్టాను.

"తాతా? తాతా!" అంటున్నాడు. నేను లేవలేదు. కానీ రెప్పల సందులోంచి నాకు అంతా కనిపిస్తూనే ఉంది. ఎవరో దొరసాని మీది తెల్లగుడ్డ సర్దుతున్నారు. కుడిచెయ్యి ఒక్కటి గుడ్డ కింద ఉండనంటోంది. లోపలికి పెడితే మళ్లీ జారి బయటికి వస్తోంది. మణికట్టు దాకా పచ్చగా, ఎండలో, గట్టిగా మూసిన పిడికిలి. ఎవరి వేళ్లనో పట్టుకుని ఇంకా వదలనట్టు.